వచ్చే చలికాలం కొలత

పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు టేపమ్మ కొట్లో కూర్చుని ఒక గ్లాసు టీ తాగడం చెకింగమ్మకు పెళ్ళి కాని రోజుల నుంచీ ఉన్న అలవాటు. తర్వాత ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఒకామె మొగుడు చచ్చిపోయాడు, ఇంకొకామె మొగుడు వదిలేసి పోయాడు. టీ అలవాటు మాత్రం పోలేదు. మేడ కింద వీధివైపు గది టేపమ్మ కుట్టు కొట్టు. పై అంతస్తులో ఇద్దరివీ ఎదురెదురు వాటాలు.

చెకింగమ్మ సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేది. ఏదో ఒక స్టాపులో ఉన్నట్టుండి ఎక్కి, వెనక తలుపు దగ్గర నిలబడి, ముందు మొహాలు చూసేది. టికెట్లు ఆ తర్వాత.

"కొన్నవాడు కిటికీలోంచి చూస్తుంటాడే. కొననివాడు నన్ను చూసి నవ్వుతాడు" అనేది టేపమ్మతో.

"అయితే నీకు మంచివాళ్ళెవరూ నవ్వు మొహంతో కనబడరన్నమాట" అనేది టేపమ్మ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"కనబడితే రెండోసారి చూస్తాను."

టికెట్టు లేదని సొంత తమ్ముణ్ణి కూడా ఒకసారి నడిరోడ్డు మీద బస్సు దించేసింది. ఆ తమ్ముడు ఇప్పటికీ అక్క తిరిగే రూటులో బస్సెక్కడు, నడిచిపోతాడు.

ఇక టేపమ్మ టేపు సంగతి. అది ఈనాటి ఒంటిని కొలిచేది కాదు. వచ్చే చలికాలానికి ఆ ఒళ్ళు ఎంతవుతుందో అంత చూపించేది. అందుకే ఆ చుట్టుపక్కల పిల్లలున్న ప్రతి ఇల్లాలూ ఎండాకాలంలోనే కోటు గుడ్డ తెచ్చి ఆమె దగ్గర కొలతలిచ్చి పోయేది. చలి మొదలయ్యే నాటికి పిల్లవాడి చేతులు సరిగ్గా కోటు చేతుల చివరిదాకా పెరిగి ఉండేవి. రొట్టెలు కాల్చే లావుపాటాయన మాత్రం ఏటా పేచీ పెట్టేవాడు. "నడుము ఇంకా పెరుగుతుందంటావా అమ్మా" అని. "నేనెక్కడన్నాను, టేపంటోంది" అని ఆమె జవాబు. ఆయన నెల రోజులు రొట్టె మానేసి, మళ్ళీ తిని, సరిగ్గా టేపు చెప్పిన నడుముతో వచ్చి కోటు తొడుక్కుని పోయేవాడు.

ఒక ఏడాది గడియారాలు బాగుచేసే ముసలాయన గుడ్డ తెచ్చాడు. టేపమ్మ టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పి కొస కలిపింది. టేపు మీద అంకె లేదు. ఒక్క గీత కూడా లేదు, ఉత్త తెల్ల పట్టీ. ఆమె టేపు మెడలో వేసుకుని, ఆయన గుడ్డను మడతపెట్టి చేతికిచ్చేసింది.

"ఇప్పుడు చేతినిండా పనుంది బాబాయ్. తర్వాత చూద్దాం."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "సరేనమ్మా" అని, గుడ్డను అల్లుడికిచ్చి పంపేశాడు. చలికాలం రాకముందే పోయాడు. టేపమ్మ చేసింది తప్పని ఆ వీధిలో ఎవరూ అనలేదు. వేసుకునే మనిషి లేని కోటు ఆమె కుట్టదు. లేని కొలత నోటితో చెప్పదు. ఆమె పని అంతే, ఆమె మాటా అంతే. ఆ రోజు చెకింగమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. తెల్ల పట్టీనీ చూసింది, గుడ్డ తిరిగిచ్చేటప్పుడు టేపమ్మ కళ్ళు ఎటు తిరిగాయో కూడా చూసింది.

మరుసటి ఏడు ఎండలు మొదలయ్యే వేళకు చెకింగమ్మ రొమ్ములో గడ్డ తేలింది. క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలినదేదైనా ఉంటే చచ్చేలా విడతలు విడతలుగా మందు ఎక్కించాలన్నారు.

"ఎక్కించండి" అంది చెకింగమ్మ. ఆమెకు భయం లేదని కాదు. భయపడేవాళ్ళను చూసీ చూసీ, తాను అలా కనబడటం ఆమెకు ఇష్టం లేదు.

మొదటి విడత నుంచీ టేపమ్మ వెంట వచ్చింది. రమ్మని చెకింగమ్మ అడగలేదు. పొద్దున తలుపు తీసేసరికి చేతిసంచితో గడప ముందు నిలబడి ఉంది. ఆసుపత్రిలో మందు చుక్క చుక్క దిగుతున్నంతసేపూ పక్క కుర్చీలో కూర్చుని ఎవరిదో కోటుకు కాజాలు కుట్టింది. మధ్యలో లేచి గిన్నెలో ఐసు ముక్కలు తెచ్చి, "నోట్లో వేసుకో, పుళ్ళు పడవట" అంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నర్సు."

"నర్సుతో నీకు మాటలేంటి?"

"ఐసు గురించే" అని టేపమ్మ నవ్వింది.

చెకింగమ్మ ఆ నవ్వును రెండోసారి చూసింది.

జుట్టు ఊడటం మొదలైనప్పుడు టేపమ్మ మెత్తటి నూలు టోపీలు కుట్టి తెచ్చింది. కుట్లు పైకి వచ్చేలా, లోపల ఒక్క దారం కూడా నెత్తికి తగలకుండా. మందు ఎక్కించడానికి మెడ ఎముక కింద చిన్న గొట్టం అమర్చారని విని, చెకింగమ్మ జాకెట్లన్నిటికీ ఆ భుజం దగ్గర కోసి, హుక్కులు పెట్టింది. నర్సు ముందు బట్టలు విప్పే పని లేకుండా పోయింది. వేళ్ళు తిమ్మిరెక్కి గుండీలు పట్టు చిక్కనప్పుడు గుండీలు తీసేసి పెద్ద ముడులు, పెద్ద ఉచ్చులు కుట్టింది. ఇనుప చెంచా నోట్లో పెడితే తుప్పు రుచి వస్తోందని ఒకసారి విసుక్కుంటే, మర్నాటికి కంచం పక్కన చెక్క చెంచా ఉంది.

ఇంకొకత్తె అయితే కళ్ళకద్దుకునేది. చెకింగమ్మ మంచం మీద పడుకుని ఒక్కొక్కటే బయటికి తీసి, వెలుతురులో పెట్టి చూసుకునేది. ఇన్నేళ్ళ స్నేహంలో టేపమ్మ ఇంత మెత్తగా ఎప్పుడుంది? టీలో పంచదార ఎక్కువైందంటే గ్లాసు లాక్కునే మనిషి. ఇప్పుడు ఎంత విసుక్కున్నా పల్లెత్తు మాట అనదు. ఎందుకనదు?

తర్వాత ఇంకొకటి కంటబడింది. ఆమె ఒళ్ళు వారం వారం తగ్గిపోతోంది, ఆ సంగతి అద్దం చెబుతోంది. బట్టలు మాత్రం ఎప్పటిలాగే సరిపోతున్నాయి. ఒకరోజు జాకెట్టు తిరగేసి చూసింది. పక్క కుట్టుకు లోపల మరో కుట్టు, దానికి లోపల ఇంకొకటి. ఉతికి ఆరేసి తెస్తానని తీసుకుపోయిన ప్రతిసారీ టేపమ్మ కొంచెం కొంచెం బిగించి తెస్తోంది, చెకింగమ్మ చిక్కిపోతున్నట్టు ఆమెకే తెలియకుండా.

చెకింగమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు ఆ కుట్ల వైపు చూసింది. కొలవకుండా ఇంత సరిగ్గా ఎలా బిగించింది? కొలిచే ఉంటుంది. నేను మందు మత్తులో పడుకుని ఉన్నప్పుడు నా చుట్టూ టేపు తిప్పే ఉంటుంది.

ఆ మాట మనసులో పడ్డాక మిగిలినవన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. టేపు టేపమ్మ మెడలోంచి దిగేది కాదు. తినేటప్పుడు కూడా ఉండేది. అది ఈమధ్య మెడలో లేదు. వేరేవాళ్ళకు కొలతలు తీస్తున్నప్పుడు ఉంటోంది. చెకింగమ్మ గడపలో కాలు పెట్టేసరికి సొరుగులోకి పోతోంది. అదీ సంగతి. తెల్ల పట్టీ చూసింది. చూసి, నోరు మూసుకుని, టోపీలు కుడుతోంది.

తమ్ముడు పండ్లు పట్టుకుని వచ్చినప్పుడు అడిగింది.

"టేపమ్మ నీకేమైనా చెప్పిందా?"

"ఏం చెబుతుందక్కా?"

"నువ్వే చెప్పు."

తమ్ముడు నీళ్ళు నమిలాడు. అక్క ముందు అతను నిజం చెప్పేటప్పుడు కూడా నీళ్ళే నములుతాడు. బస్సు దించేసినప్పటి నుంచీ అంతే. "నువ్వు బాగా తినేలా చూడమంది. అంతే" అన్నాడు.

"అంత ఆచితూచి ఎందుకు చెబుతున్నావు?"

"ఆచితూచి చెప్పలేదక్కా. మామూలుగానే చెప్పాను."

"మామూలుగా ఉన్నవాడివి పండ్లెందుకు తెచ్చావు?"

పాపం అతను పండ్ల సంచీ అక్కడే పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు.

ఆసుపత్రిలో నర్సునూ నిలదీసింది. "మా టేపమ్మ నీతో వరండాలో ఏం గుసగుసలాడుతోంది?"

"గొట్టం ఏ పక్క అమర్చారు, పడుకుంటే ఎటు ఒత్తుకుంటుంది అని అడిగిందండీ. ఆ వైపు దిండు పల్చగా కుడుతుందట." నర్సు సెలైను సీసా సర్దుతూ అంది. "మీకలాంటి స్నేహితురాలు ఉండటం అదృష్టం."

అదృష్టమని ఎవరిని చూసి అంటారో చెకింగమ్మకు తెలుసు.

మనిషిని బాగా చూడటం వేరు, మనిషిని బాగా చూసుకోవడం వేరు. చెకింగమ్మ ఉద్యోగం మొదటిది నేర్పింది. రెండోది ఎలా ఉంటుందో ఎదురుగా కనబడుతున్నా ఆమెకు పోల్చుకోవడం చేతకాలేదు. ఇది ఆమె తప్పే. రోగం వచ్చిందని తప్పు ఒప్పయిపోదు.

సగం విడతలు పూర్తయ్యేసరికి ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. వాంతులు, నోటిపూత, అరికాళ్ళ మంట, ఇవన్నీ బతకడానికైతే పడవచ్చు. పోయేదానికి ఇదంతా ఎందుకు? వచ్చే విడతకు వెళ్ళనే వెళ్ళను. కానీ అనుమానం మీద ఎవరినీ బస్సు దించకూడదు, అది ఆమె నియమం. ముందు టికెట్టు అడగాలి.

బజారుకు పోయి ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ కొనుక్కుంది. దారిలో రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుని, మధ్యాహ్నం వేళ టేపమ్మ కొట్లో దిగింది. గుడ్డ బల్ల మీద పెట్టింది.

"చలికాలానికి కోటు కుట్టు."

టేపమ్మ చెయ్యి మెడ దగ్గరికి పోయి, టేపు తీసి, సొరుగులో పెట్టేసింది. "మంచి గుడ్డ. ఎక్కడ కొన్నావే?"

"కుడతావా కుట్టవా?"

"కుట్టకేం. రేపు చూద్దాం. ఇవాళ మిషను దారం తెంపేస్తోంది."

మర్నాడు వచ్చింది. మిషను బాగానే ఆడుతోంది. టేపమ్మ తలెత్తకుండా, "కొలతలకు టేపు ఎక్కడ పెట్టానో కనబడటం లేదే" అంది.

చెకింగమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సొరుగు లాగి, టేపు తీసి ఆమె ముందు పెట్టింది. తలుపు దగ్గరికి వేసి, స్టూలు మీద కూర్చుంది.

"ఇంక చాలు. ఎప్పుడు కొలిచావు నన్ను?"

"నిన్నా? కొలవలేదు."

"నా జాకెట్లు ఎలా బిగించావు మరి?"

"చేత్తో. నిన్ను లేపి కూర్చోబెట్టేటప్పుడు, మెట్లెక్కించేటప్పుడు నా చెయ్యి నీ చుట్టూనే కదా ఉంటోంది. జానతో తెలియదా ఏంటి నాకు?"

"టేపు ఎందుకు దాస్తున్నావు?"

టేపమ్మ కాళ్ళు ఇంకా మిషను తొక్కుతూనే ఉన్నాయి. సూది కింద గుడ్డ లేదు.

"తెల్లగా వచ్చిందా?"

"కొలవలేదంటుంటే" అంది టేపమ్మ. "కొలిచే ధైర్యం లేక దాచాను. అది మెడలో ఉంటే నీ మీద ఆనుతుందేమో, ఆనితే చూడాలేమో అని. నాకు తెలియకూడదని దాచాను, నీకు తెలియకూడదని కాదు. చాలా?"

చెకింగమ్మ ఆమె మొహంలోకి చూసింది. నవ్వడం లేదు. కిటికీలోంచి కూడా చూడటం లేదు. ఈ మొహం ఏ రకమో ఆమెకు తెలియలేదు.

"అయితే ఇప్పుడు కొలువు. అంకె వస్తే వచ్చే విడతకు వెళతాను. రాకపోతే నా గుడ్డ నాకిచ్చెయ్. ఎవరికైనా ఇచ్చేస్తాను."

"ఏమొచ్చినా వెళతానను. అప్పుడు కొలుస్తా."

"బేరాలాడకే."

"ఎవరే బేరాలాడుతోంది? పాతికేళ్ళుగా నీ నోటికి భయపడే నా టీ నాకు నచ్చినట్టు నేను తాగలేకపోతున్నాను."

చెకింగమ్మకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. లేచి అద్దం ముందు నిలబడి చేతులు దూరంగా పెట్టింది.

టేపమ్మ వెనకగా వచ్చింది. టేపు ఛాతీ చుట్టూ తిప్పింది. కోసిన పక్కన చెకింగమ్మకు స్పర్శ లేదు. టేపు తగిలిందో లేదో, బిగిసిందో వదులైందో ఆమెకు తెలియదు. అద్దంలో చూసింది. టేపమ్మ వంగిన తల, పాపిట, టేపు కొస మీద బొటనవేలు కనబడ్డాయి. అంకె ఉండవలసిన చోటు సరిగ్గా ఆ వేలి కిందే ఉంది. టేపమ్మ అలాగే వంగి ఉంది. బయట ఎవరో కుర్రాళ్ళు గోడకు బంతి కొడుతున్నారు. ఆ చప్పుడు చాలాసార్లు వినబడింది.

"ముప్పై ఎనిమిది" అంది టేపమ్మ.

అది జబ్బు చేయకముందు చెకింగమ్మ కొలత కాదు. అంతకంటే పెద్దది. ఇప్పటి ఒంటికైతే అలాంటి కోట్లో మరో మనిషి దూరవచ్చు.

"అబద్ధం."

"నేనెప్పుడైనా చెప్పానా?"

చెప్పలేదు. కానీ టేపమ్మ ఏ కొలతనైనా రెండుసార్లు చూసేది. ఇవాళ ఒక్కసారే చూసింది. చూసి టేపు చుట్టేసింది.

"చూపించు."

"నిన్నెప్పుడైనా నీ చెకింగు పుస్తకం చూపించమన్నానా? నీ పని నాది కాదు, నా పని నీది కాదు." టేపమ్మ గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర తీసింది. ఆ కత్తెర గుడ్డలో దిగేటప్పుడు టేపమ్మ చేతిలో వణుకు ఉందేమోనని చెకింగమ్మ కళ్ళప్పగించి చూసింది. లేదు. ముప్పై ఎనిమిదికే కత్తిరించింది, లోపల విప్పుకోవడానికి గుడ్డ కూడా వదిలింది. గుడ్డ విషయంలో ఆమె ఎంత పిసినారో చెకింగమ్మకు తెలుసు. గోరంత ముక్క పారేయని మనిషి.

అయినా నమ్మకం కుదరలేదు. "సరే. ఆ కోటు నా ఒంటికి సరిపోయేదాకా ఉండి, నువ్వు అబద్ధాలకోరువని వీధంతా చెబుతాను" అంది.

"ఉండి చెప్పు" అంది టేపమ్మ.

వచ్చే విడతకు వెళ్ళింది. ఆ తర్వాతదానికీ వెళ్ళింది. అంత ఎండలో కూడా కోటు వెంట తీసుకుపోయేది. మందు ఎక్కుతున్నప్పుడు వణుకు వస్తే కప్పుకునేది. అది ఆమె మీద గుడారంలా ఉండేది.

"ఎవరిదండీ ఇది, మీ అక్కగారిదా?" అంది నర్సు ఒకసారి.

"నాదే. కోటు వచ్చింది, మనిషి ఇంకా రావాలి."

టేపమ్మ కాజాలు కుడుతూనే ఉంది. ఐసు తెస్తూనే ఉంది. తిననంటే గుడ్డు ఉడికించి, నాలుగు ముక్కలు కోసి, ఒక్క ముక్కే కంచంలో పెట్టి మిగతావి తన వెనక దాచుకునేది. "ఒకటే కదా" అని చెకింగమ్మ తినేసేది. మళ్ళీ ఒకటి వచ్చేది. ఇది మోసమని ఆమె కనిపెట్టింది. కనిపెట్టినా తినేసింది. ఈ అబద్ధాలకోరును పట్టుకోవాలంటే ఒంట్లో బలం ఉండాలి కదా అని తనకు తాను చెప్పుకుంది.

విడతలు పూర్తయ్యాయి. డాక్టరు స్కానింగు ఫొటోలన్నీ చూసి, ప్రస్తుతానికి ఎక్కడా ఏమీ కనబడటం లేదన్నాడు. "ప్రస్తుతానికంటే?" అని చెకింగమ్మ నిలదీసింది. ఆయన ఈమె ప్రశ్నలకు అలవాటుపడిన మనిషి కాబట్టి మూడు నెలలకోసారి రమ్మని చెప్పి ఊరుకున్నాడు. ఆకలి తిరిగొచ్చింది. నెత్తి మీద బొచ్చు మొలిచింది. మందుల వల్ల నీరో, టేపమ్మ గుడ్ల వల్ల కండో, ఒళ్ళు పాతదానికంటే కొంచెం ఎక్కువే అయింది. చలి మొదలైన మొదటి వారం ఆమె కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. భుజం భుజం మీద కూర్చుంది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా వేలాడలేదు.

ఆ కోటుతోనే డ్యూటీకి పోవడం మొదలుపెట్టింది. పొద్దున టీకి కొట్లో కూర్చుంది. టేపమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసి, "వీధంతా ఎప్పుడు చెబుతావు?" అంది.

"చూద్దాం. తొందరేముంది."

ఆ చలికాలంలోనే కొట్టుకు తగాదాలు రావడం మొదలైంది. మొదట ఒకావిడ పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పిల్లవాడి మణికట్లు కోటు చేతుల్లోంచి బయటికొచ్చి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? మీ టేపు మీద నమ్మకంతోనే కదా ఎండాకాలంలో ఇచ్చాను?"

"టేపు పాతదైపోయిందమ్మా. విప్పి పెంచిస్తాను. కూర్చోండి" అంది టేపమ్మ.

మర్నాడు ఇంకొకావిడ. ఆ తర్వాత రొట్టెలాయన, పొట్ట మీద గుండీ పెట్టలేక. ఆయన ఆనందంగానే ఉన్నాడు పాపం. తన నడుము మొదటిసారి టేపును గెలిచిందని చెప్పుకుంటున్నాడు. కొందరు మాత్రం, ఈ మాత్రానికి ఇంత దూరం రావడమెందుకని వేరే కొట్లకు పోయారు. టేపమ్మ ఎవరితోనూ వాదించలేదు. పొద్దుపోయేదాకా కూర్చుని కుట్లు విప్పుతోంది.

చెకింగమ్మకు ఇది నచ్చలేదు. స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళను వచ్చినట్టు అడిగింది.

"కొలతలు ఎప్పుడిచ్చారు?"

ఒకావిడ బళ్ళు మూసిన వారంలో ఇచ్చింది. ఆ కోటు సరిగ్గా ఉంది, కాజా ఊడిందని మాత్రం వచ్చింది. ఇంకొకావిడ వానలు పడ్డాక ఇచ్చింది. అది పొట్టి. మణికట్ల పిల్లవాడి తల్లి కాసేపు ఆలోచించి చెప్పింది. "నేను కొలతలిచ్చిన రోజు మీరూ ఉన్నారుగా అండీ. నేను వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. మీ పచ్చ గుడ్డ ముక్కలై బల్ల మీద ఉంది. మీరు వెళ్ళగానే మావాడికి కొలిచింది."

మనిషి ఏ స్టాపులో ఎక్కాడో కనిపెట్టడం ఆమె పాతికేళ్ళ పని. ఆమె లోపల అది దానంతటదే జరిగిపోయింది. తనకు ముందు కొలిచినవన్నీ సరిపోయాయి. తన తర్వాత కొలిచినవన్నీ ఈనాటి ఒంటి కొలతలు. బొటనవేలు. ఒక్కసారే చూడటం. లేని కొలత ఎన్నడూ చెప్పని మనిషి, ఆ రోజు తెల్ల పట్టీ మీద వేలు పెట్టి, నోటితో ఒక అంకె చెప్పి, ఆ అంకెకు గుడ్డ కత్తిరించింది. టేపు ఆ ఒక్క మాటా విని, చెకింగమ్మ ఒంటిని దానికి తగ్గట్టు చేసి, తర్వాత బజార్లో దొరికే మామూలు టేపైపోయింది.

పిల్లవాడి తల్లి వెళ్ళిపోయింది. కొట్లో ఇద్దరే మిగిలారు. టేపమ్మ ఒళ్ళో చిన్న కోటు తిరగేసి ఉంది. పక్కన విప్పవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఆమె తలెత్తి చెకింగమ్మ మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. బస్సులో ఎవరినో పట్టుకున్న మొహం. బ్లేడు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అడిగితే చెప్పేసేలా.

"ఏమైనా అడగాలా?" అంది.

చెకింగమ్మ కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పింది. వేళ్ళ తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు, ఆలస్యమైంది. కోటు కొక్కేనికి తగిలించి, స్టూలు దగ్గరికి లాక్కుని, కుప్పలోంచి ఒక పిల్లకోటు అందుకుని ఒళ్ళో వేసుకుంది. దాని చెయ్యి తిరగేసి, కుట్టును వెలుతురుకు పెట్టి చూసింది.

"ఈ దారం ఎటునుంచి లాగాలే?"